గంటా పది నిమిషాలు

జనవరి 8

స్టాఫ్ రూమ్ కంప్యూటర్‌లో రెండు ఊళ్ల పేర్లు కొట్టి చూశాను. ఒకటి మన ఊరు, రెండోది ఆసుపత్రి ఉన్న ఊరు. గాలిలో దూరం ఐదువందల నలభై కిలోమీటర్లు, విమానంలో గంటా పది నిమిషాలు అని వచ్చింది. రోడ్డు మీద పదకొండు గంటలని కూడా వచ్చింది. ఆ సంగతి మనకు అనవసరం.

కొత్త లివర్ పెడితే తప్ప లాభం లేదని డాక్టరు తేల్చేశాక, ఆ ఊరి ఆసుపత్రి జాబితాలో మా ఆయన పేరు ఎక్కడానికి నెల పట్టింది. మన ఊళ్లో ఆ ఆపరేషన్ చేసేవాళ్లు లేరు. ఎవరో ఒకరు పోయి, వాళ్ల లివర్ ఈయనకు సరిపడితే అక్కణ్నుంచి ఫోన్ వస్తుంది. ఫోన్ వచ్చాక ఆరు గంటల్లో మనిషి అక్కడ ఉండాలి. లేకపోతే తర్వాతి పేరుకి ఇచ్చేస్తారు. ఈరోజు కోఆర్డినేటర్ అమ్మాయి ఫోన్ చేసి మళ్లీ అదే మాట తెచ్చింది.

"ఇక్కడే దగ్గర్లో ఇల్లు తీసుకుంటే మంచిది మేడమ్. చాలామంది అలాగే చేస్తారు."

"విమానంలో గంటా పదేనమ్మా," అన్నాను.

"మీ ఇంటి గడప నుంచి మా గేటు దాకా మొత్తం ఎంతసేపో ఒకసారి చూసుకోండి."

అలాంటివి చూసుకోవడం నాకు ఒకరు చెప్పాలా. పద్దెనిమిది సెక్షన్ల బడికి ముగ్గురు లెక్కల టీచర్లతో టైంటేబుల్ వేసే మనిషిని.

జనవరి 9

ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు నలభై నిమిషాలు. లోపల గంట. విమానం గంటా పది. దిగి బయటపడటానికి ఇరవై. అక్కడ ట్యాక్సీ నలభై. మొత్తం నాలుగు గంటలు కూడా కాదు. రెండు గంటలు మిగులు.

కాగితం మీద గడులు గీసి ఆయనకు చూపించాను. చాలా శ్రద్ధగా చదివి, "బాగుంది టీచరమ్మా, లంచ్ బ్రేక్ ఎక్కడ పెట్టావు?" అన్నారు.

జనవరి 14

పొద్దుటంతా ఫోన్లో ఎవరికో డ్రైవింగ్ పాఠం. ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఈయనే. పిల్లలు వెనకాల క్లచ్ మాస్టారు అంటారు. నాకు మాత్రం నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో ఒక్క రోజు నేర్పబోయారు, ఇద్దరం నాలుగు రోజులు మాట్లాడుకోలేదు.

పరుపు మీద పడుకుని, కాళ్ల వాపు తగ్గడానికి దిండు మీద కాళ్లు పెట్టుకుని, చెబుతున్నారు. "ముందు బండికీ నీకూ మధ్య దూరం మీటర్లలో చూడకురా, సెకన్లలో చూడు. ముందు బండి ఆ స్తంభం దాటాక వెయ్యిన్నొకటి, వెయ్యిన్రెండు, వెయ్యిన్మూడు అనుకో. అప్పుడు నువ్వు దాటాలి. బ్రేక్ తొక్కాక బండి ఎంత దూరం పోతుందో అందరూ బట్టీ పట్టి వస్తారు. తొక్కకముందు పోయే దూరం ఎవడూ చూడడు. కన్ను చూడాలి, మనసు ఒప్పుకోవాలి, అప్పుడు కాలు కదలాలి. అంతసేపూ బండి పోతూనే ఉంటుంది కదా."

ఇంత మాట్లాడితే ఆయాసం రాదూ. వచ్చింది. ఫోన్ లాక్కుని కుర్రాడికి నేనే చెప్పాను, ఇక రేపు చెయ్యి బాబూ అని.

జనవరి 20

ఆ ఊరికి విమానాలు పొద్దున ఏడూ ఇరవైకి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. రాత్రి మోగితే పొద్దున్నది, పగలు మోగితే సాయంత్రంది.

ఆయనకు చెబితే, "పొద్దున తొమ్మిదింటికి మోగితే?" అన్నారు.

"తొమ్మిదింటికే ఎందుకు మోగుతుంది?"

"నిజమే, దానికి మన బడి టైమింగ్స్ తెలుసు," అని అటు తిరిగి పడుకున్నారు.

ఫోన్లు మామూలుగా ఏ వేళ వస్తుంటాయో కోఆర్డినేటర్‌ని అడగాలి.

జనవరి 22

అడగాలి.

జనవరి 27

చెకప్‌కి వెళ్లొచ్చాం. ఇదే మంచి అవకాశమని గడప దాటినప్పుడు టైము చూసుకున్నాను. ఆసుపత్రి గేటు దగ్గర మళ్లీ చూసుకున్నాను. ఐదు గంటలు దాటింది. అయితే ఇందులో ఆయన బూటు లేసు విప్పించి మళ్లీ కట్టించిన సెక్యూరిటీవాడి ఆలస్యం ఉంది, అది ప్రతిసారీ ఉండదు. విమానం తలుపు తీశాక మెట్లబండి రాలేదని అరగంట కూర్చోబెట్టారు, అది కూడా రోజూ ఉండదు. చక్రాల కుర్చీ కోసం ఆగింది లెక్కలోకి రాదు, ఈసారి నడిచేస్తానన్నారు. ఇవన్నీ తీసేస్తే నాలుగు గంటలే.

విమానం రన్‌వే మీద దిగేటప్పుడు ఆయన కుడికాలు నేలని గట్టిగా తొక్కింది. ఆయన నేర్పే కార్లో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఎదుటివాడు తొక్కకపోతే ఈయన తొక్కడానికి. ఆ అలవాటు. పక్కన కూర్చున్న పెద్దాయన కంగారుపడి తన కాళ్ల కింద వెతుక్కున్నాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరం కడుపారా నవ్వుకున్నాం.

కోఆర్డినేటర్ అమ్మాయి మనిషి సన్నగా, పెన్ను జడలో గుచ్చుకుని ఉంది. ఫోన్లు ఏ వేళ వస్తాయో అడుగుదామనుకునేలోగా ఇంకెవరో పిలిచారు.

ఫిబ్రవరి 3

మా ప్రిన్సిపాల్ పెద్ద మేడమ్ గదిలోకి పిలిచింది. ఏప్రిల్‌లో ఆవిడ రిటైర్ అవుతోంది. "ఏవమ్మా, ఈ కుర్చీ నీకే. కమిటీతో మాట్లాడేశాను. కొత్త సంవత్సరం టైంటేబుల్ ఇప్పట్నుంచే మొదలుపెట్టు," అంది.

ఆ కుర్చీ చెయ్యి ఒకటి వదులుగా ఉంటుంది. నేను చేరిన ఏడాది నుంచీ అలాగే ఉంది. నేను కూర్చున్న రోజు ముందు దానికి మేకు కొట్టిస్తానని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే ఆయన సంతోషించారు. నిజంగానే. చెయ్యి పట్టుకుని, "నీకు రావాల్సిందే," అన్నారు. చెయ్యి పసుపు కలిపిన పిండిలా ఉంది.

ఆయన్ని కదిలించి వేరే ఊళ్లో పెట్టడం ఆయనకే మంచిది కాదు. పొద్దున లేవగానే కారు తుడుచుకోవాలి, అద్దాలు సరిచేసుకోవాలి. ఆ కారు వదిలి ఒక్క వారం ఉండలేరు.

ఫిబ్రవరి 11

మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఆయన వంటగదిలో నిలబడి ఉన్నారు. చేత్తో గాల్లో గేర్లు వేస్తున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ ఆగి నా వైపు చూశారు.

"రివర్స్ ఎటు పడుతుంది?"

హాస్యమనుకున్నాను. హాస్యం కాదు. నన్ను అడుగుతున్నారు, స్టీరింగ్ ముట్టుకోని మనిషిని. "తర్వాత చూద్దాం, కూర్చోండి," అన్నాను. కుర్చీ ఎక్కడుందో వెతికారు. పక్కనే ఉంది.

ఇక్కడి డాక్టరు, లివర్ వడకట్టలేని విషం తలకెక్కితే ఇలాగే ఉంటుందని, సిరప్ పెంచమని చెప్పాడు. ఆడపడుచు తన కళ్లద్దాల షాపు నుంచి పరిగెత్తుకొచ్చింది. అన్నయ్య కళ్లు రెప్పలు తెరిచి చూసి, నన్ను వసారాలోకి తీసుకొచ్చింది.

"వదినా, అన్నయ్యని అక్కడికి మార్చేద్దాం."

"కారు వదిలి ఉండలేరమ్మా మీ అన్నయ్య. నీకు తెలియనిదేముంది."

హ్యాండ్‌బ్యాగు తెరిచి కారు తాళాలు తీసి చూపించింది. "డిసెంబర్‌లోనే నాకిచ్చేశాడు వదినా. దగ్గరుంటే నడపాలనిపిస్తుంది, ఎవరినైనా గుద్దేస్తాను, నీ దగ్గరే ఉంచు అన్నాడు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నేను కారు తాళాలు ఎక్కడని అడగలేదు కూడా.

"సిరప్ పనిచేయనీ, చూద్దాం," అన్నాను.

ఫిబ్రవరి 13

సిరప్ పనిచేసింది. రివర్స్ ఎటో తనే చెప్పారు, అడగకుండానే.

ఫిబ్రవరి 24

టైంటేబుల్ సగం అయింది. కెమిస్ట్రీకి ఒక్కటే ల్యాబు, దానికి పన్నెండు సెక్షన్లు. బుర్ర వేడెక్కింది. అయినా చేస్తున్నంతసేపూ హాయిగా ఉంటుంది. బడిలో ఎవరు ఎప్పుడు ఎక్కడుండాలో నేను చెబితే అక్కడుంటారు.

మార్చి 5

రాయాలి. రాసేస్తే నయం.

పొద్దున పదిన్నరకి మోగింది. మూడో పీరియడ్. స్టాఫ్ రూమ్‌లో కెమిస్ట్రీ గడుల మీద ఉన్నాను.

"మేడమ్, సార్‌కి సరిపడే లివర్ ఉంది. నాలుగున్నరకల్లా ఇక్కడ ఉండాలి. బయల్దేరండి."

"వచ్చేస్తున్నాం," అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా అన్నానంటే పక్కన డ్రాయింగ్ సార్ లేచి నిలబడ్డాడు.

పొద్దున్నది వెళ్లి మూడు గంటలైంది. సాయంత్రంది ఆరింటికి. ఇది నాకు తెలియని సంగతా. జనవరి ఇరవయ్యో తారీఖునే పైన రాసుకున్నాను. అయినా ఆటోలో ఇంటికి, ఇంటి నుంచి ఆడపడుచు నడిపిన కార్లో ఎయిర్‌పోర్టుకి వెళ్లాం. దారి పొడుగునా ఫోన్లే. ఇంకో ఊరి మీదుగా విమానం ఉందా. ఉంది, రాత్రి చేరుతుంది. ఆసుపత్రి వాళ్ల ప్రత్యేక విమానం ఉందా. ఉంది, అది ఇంకెక్కడో ఉంది, వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఆరు గంటలు ఇచ్చింది ఆ అమ్మాయి. నా లెక్కలో ఇంకా రెండు మిగలాలి.

ఆయన వెనక సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కసారి కూడా ఏమైంది అని అడగలేదు. చెల్లెలికి మాత్రం, "ముందు లారీకి దూరం ఉంచు," అని చెప్పారు.

ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఉండగా కోఆర్డినేటర్ చేసింది. "మేడమ్, ఎక్కడున్నారు?"

"ఎయిర్‌పోర్టులో."

"ఎక్కారా?"

ఎక్కలేదన్నాను. ఆరింటికి అన్నాను. ఆ అమ్మాయి, "సారీ మేడమ్, నేను తర్వాతి పేరుకి ఫోన్ చేయాలి," అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

ఆయనకు చెప్పాను. అద్దాల తలుపుల అవతల బోర్డు మీద మన విమానం కనబడుతూనే ఉంది, సరైన టైముకే అని పచ్చ అక్షరాలతో. ఆయన దాన్ని చదివి, "వచ్చాం కదా, టీ తాగి వెళ్దాం. నాకు సగం కప్పు చాలు," అన్నారు. ఆయనకు నీళ్లు కూడా కొలిచి ఇవ్వాలి. ఆడపడుచు టీ తెస్తానని వెళ్లి ఎంతకీ రాలేదు. స్తంభం వెనక ఏడుస్తోంది.

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. సంచీలో ఆయన చొక్కాలు నాలుగు మడతపెట్టి ఉన్నాయి, వాటినే చూస్తూ నిలబడ్డాను.

మార్చి 6

సెలవు పెట్టాను.

మార్చి 9

ఆయన ఒక్క మాట అనలేదు. ఒక మాట అంటే నేను నాలుగు అందును, సరిపోయేది.

మార్చి 12

ఇది ఇంకెవరూ చదవరు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. విమానాలు రెండే అని నాకు జనవరిలోనే తెలుసు. తెల్లవారుజామున కాసేపూ, మధ్యాహ్నం కాసేపూ తప్ప ఎప్పుడు మోగినా అందుకోలేమని కూడా తెలుసు, అది కనిపెట్టడానికి టైంటేబుల్ వేసేవాళ్లే అక్కర్లేదు. కారు ఆయనకు అడ్డం కాదు, నేను అడ్డం పెట్టుకున్న సాకు. కుర్చీ నాకు కావాలి. ఆయన బతకడమూ కావాలి. రెండూ ఒకే గడిలో పెట్టి, సరిపోయాయని చెప్పుకుంటూ వచ్చాను.

మార్చి 16

టైంటేబుల్ పూర్తిచేసి పెద్ద మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని చూసింది.

"నీ గడులు ఖాళీగా ఉన్నాయేవిటి?"

"నేను ఉండను మేడమ్. సెలవిస్తే సెలవు, లేకపోతే రాజీనామా."

"కమిటీ నీకోసం ఆగదమ్మా. కుర్చీ వేరేవాళ్లకి పోతుంది."

"పోనివ్వండి. ఆ చెయ్యికి మాత్రం మేకు కొట్టించండి, వచ్చేవాళ్ల చీరలు చిరుగుతాయి."

ఆవిడ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు వచ్చింది ఏడుపు. గంట కొట్టారు, తుడుచుకుని క్లాసుకి వెళ్లాను.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను, వెళ్లిపోదామని.

"జనవరిలోనే చూశాను," అన్నాను. "కాలు కదలడానికి మార్చి దాకా పట్టింది. అంతసేపూ బండి పోతూనే ఉంది."

"నా వైపు కూడా ఒక బ్రేకు ఉంది కదే," అన్నారు. "నేనూ తొక్కలేదు. నీకు ఆ కుర్చీ అంటే ఎంత ఇష్టమో నాకు తెలియదా."

మార్చి 22

విమానంలో. వెనక గాలి ఉంది, యాభై ఐదు నిమిషాల్లో దింపేస్తామని పైలట్ చెప్పాడు. ఎప్పుడూ గంటా పది పట్టేది, ఇప్పుడు తొందరొచ్చింది. దిగాక మెట్లబండి కోసం ఇరవై నిమిషాలు కూర్చున్నాం.

మార్చి 23

గది డ్రైక్లీనింగ్ షాపు పైన. కిటికీ తీస్తే ఆవిరి వాసన, ఎదురుగా రోడ్డు అవతల ఆసుపత్రి గేటు. గది అద్దెకిచ్చినాయన రెండు నిమిషాల్లో నడిచిపోవచ్చన్నాడు. మేము నడిస్తే పావుగంట పట్టింది, మధ్యలో రెండుసార్లు కూర్చున్నాం. పావుగంట అనే రాసుకున్నాను. ఏదీ తీసెయ్యలేదు.

ఏప్రిల్ 10

ఫోన్ రాలేదు. ఈరోజు మళ్లీ రివర్స్ మర్చిపోయారు.

ఏప్రిల్ 28

ఫోన్ రాలేదు. పొట్టలో నీరు తీయించారు. ఒళ్లు పుల్లలా అయిపోయింది. ఆడపడుచు రోజూ ఫోన్లో అడుగుతుంది, ఏమైనా తెలిసిందా వదినా అని. బడిలో కొత్త ప్రిన్సిపాల్‌గా డ్రాయింగ్ సార్‌ని వేశారట. టైంటేబుల్ బ్రహ్మాండంగా కుదిరిందని అందరూ ఆయన్ని మెచ్చుకుంటున్నారట.

మే 6

మధ్యాహ్నం రెండింటికి బట్టలు ఆరేస్తుంటే మోగింది.

"మేడమ్, ఎంతసేపట్లో రాగలరు?"

"కిటికీలోంచి చూడమ్మా, కనబడతాం."

ఆయన మెలకువగానే ఉన్నారు, తెలివిగానే ఉన్నారు. చెప్పులు తొడిగాను. మెట్లు ఒక్కొక్కటే దిగాం. రోడ్డు దగ్గర నడిచేవాళ్లకి ఎర్ర లైటు పడింది. బండి అన్నది ఒక్కటి లేదు, ఎదురుగా గేటు. నేను చెయ్యి పట్టుకుని అడుగేయబోతే ఆయన కదల్లేదు.

"ఎర్ర లైటు," అన్నారు.

"ఏమండీ, లివర్ వచ్చిందండీ."

"వస్తే వచ్చింది. నా దగ్గర నేర్చుకున్నవాడు ఎవడైనా చూస్తే పరువు పోతుంది."

పచ్చ లైటు పడేదాకా నా భుజం పట్టుకుని నిలబడ్డారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అదే రోజు, సాయంత్రం

పరీక్షలన్నీ చేసి లోపలికి తీసుకెళ్లారు. తలుపు దాకా వెళ్లనిచ్చారు. స్ట్రెచర్ మీద నుంచి, "వెయ్యిన్నొకటి అనుకుంటూ ఉండు," అన్నారు.

కోఆర్డినేటర్ అమ్మాయి బయటికొచ్చింది. లివర్ ఇంకా రాలేదని, వేరే ఊళ్లో తీశారని, మా డాక్టర్లే దగ్గరుండి తెస్తున్నారని చెప్పింది.

"ఏ ఊరమ్మా?"

"అది చెప్పకూడదు మేడమ్. ఏడూ పదికి విమానం దిగుతుంది."

ఇంకేమీ అడగలేదు. ఆరింటికి ఎక్కితే ఏడూ పదికి ఇక్కడ దిగే విమానం ఒక్కటే. అది ఏ ఊరి నుంచి వస్తుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు.

మన ఊళ్లో ఈరోజు ఎవరింట్లోనో మనిషి పోయాడు. ఏ వీధో. నేను పాఠం చెప్పిన బిడ్డ ఇల్లో, ఆయన బండి నేర్పిన మనిషి ఇల్లో. వాళ్లు ఇంత ఏడుపులోనూ సరేనన్నారు, వాళ్ల మనిషిలో ఒక ముక్కని ఈ దారిన పంపారు. వాళ్ల కాళ్లు పట్టుకోవాలని ఉంది. వాళ్లెవరో నాకు ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఏడూ నలభై. బయట వర్షం మొదలైంది. అటెండర్ లోపల కూర్చోమంటున్నాడు, లివర్ ఉన్న పెట్టె వెనక గేటు నుంచి వస్తుందట, నేను చేసేదేమీ లేదట. అయినా గొడుగు తీసుకుని వెళ్తున్నాను. మన ఊరి నుంచి అంత దూరం వస్తుంటే ఎవరో ఒకరు ఎదురెళ్లాలి కదా.